మనిషి వేషం కట్టిన నటుడు: బల్రాజ్ సాహ్నీ

సినిమా వేషగాళ్ళ గురించి మన సావనీరులో వ్రాయడమేమిటని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాము. కాని ఆలోచించి చూస్తే, ఒక మనిషి తన పనిని ఎంత నిజాయితీగా చేయవచ్చునో మన పిల్లలకు చెప్పాలంటే బల్రాజ్ సాహ్నీ గారి కథ కంటే మంచి కథ వెంటనే తోచలేదు. ఆయన హీరో కాదు. గుర్రాలెక్కి కత్తులు తిప్పిన వాడు కాదు. రైతు, రిక్షావాలా, గుమాస్తా, డాక్టరు, పెద్దన్నయ్య, ఆడపిల్ల తండ్రి, పండ్లమ్ముకునే పఠాను, చెప్పుల కార్ఖానా యజమాని - ఇలాంటి మామూలు మనుషుల వేషాలే కట్టారు. అవే ఆయనను నిలబెట్టాయి. ఆయన పోయి 50 ఏండ్లు దాటింది. అయినా ఆ మనుషులు ఇంకా మన కళ్ళ ముందే తిరుగుతున్నారు.

బాల్యం, చదువు

బల్రాజ్ సాహ్నీ 1913 మే 1వ తేదీన రావల్పిండిలో జన్మించారు. ఇంట్లో పెట్టిన పేరు యుధిష్ఠిర్. తండ్రి హర్‌బన్స్‌లాల్ గారు వర్తకులు, ఆర్యసమాజం వారు, క్రమశిక్షణ గల మనిషి. రెండేండ్ల చిన్నవాడైన తమ్ముడు భీష్మ సాహ్నీ తరువాత కాలంలో హిందీలో పెద్ద రచయిత అయ్యారు. 1947 నాటి రావల్పిండి అల్లర్లను కళ్ళకు కట్టించిన తమస్ నవల ఆయనదే.

అన్నయ్య లాహోరు గవర్నమెంటు కాలేజీలో చదివి ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లో లాహోరు ఎం.ఏ. అంటే సర్కారు ఉద్యోగానికి ఎర్ర తివాచీ పరచినట్టే. పోనీ ఉద్యోగం వద్దంటే ఇంటి వ్యాపారం ఉండనే ఉంది. కొన్నాళ్ళు తండ్రిగారి దుకాణంలో కూర్చున్నారు గాని మనసు నిలువలేదు. 1936లో దమయంతి గారితో పెళ్ళి అయింది. మరుసటి సంవత్సరమే భార్యాభర్తలిద్దరూ ఇల్లు విడిచి బయలుదేరారు. చివరికి బెంగాలులోని శాంతినికేతనం చేరి అక్కడ ఉపాధ్యాయ వృత్తిలో కుదురుకున్నారు. మేమూ పాఠాలు చెప్పుకునే వాళ్ళమే గనుక ఆయన జీవితంలోని ఈ భాగం మాకు కాస్త ఎక్కువ ఇష్టమని ముందే ఒప్పుకుంటున్నాము.

ఠాగూరు గారి మందలింపు

శాంతినికేతనంలో జరిగిన ఒక ముచ్చట సాహ్నీ గారే తరువాత పలుచోట్ల చెప్పుకున్నారు. అప్పటికే ఆయన హిందీలో కథలు వ్రాసి కొంత పేరు తెచ్చుకున్నారు. ఇంగ్లీషులోనూ వ్రాసేవారు. రవీంద్రనాథ్ ఠాగూరు గారు ఒకనాడు ఆయనను దగ్గరకు పిలిచి, నీ మాతృభాష పంజాబీ కదా, అందులో ఎందుకు వ్రాయవు అని అడిగారు. పంజాబీలో అంత సాహిత్యం ఎక్కడుంది, అది చిన్న భాష కదా అన్నట్టు ఈయన జవాబు చెప్పారు. గురునానక్ వంటి మహనీయుడు పలికిన భాషను చిన్నదని ఎలా అంటావని ఠాగూరు మందలించారు. పరాయి భాషలో ఎంత వ్రాసినా ఆ ఇంట అతిథిగానే ఉంటావు, సొంత ఇల్లు సొంత ఇల్లే అన్నది ఆ పెద్దమనిషి చెప్పిన దాని సారాంశం.

అప్పుడు ఆ మాట ఈయనకు పూర్తిగా ఎక్కలేదు. ఎక్కడానికి కొన్నేండ్లు పట్టింది. ఎక్కిన తరువాత మాత్రం విడిచిపెట్టలేదు. గురుముఖి లిపి మీద గట్టి పట్టు సంపాదించారు. బొంబాయిలో సినిమా షూటింగులు జరిగేటప్పుడు గురుముఖి టైపు మిషను వెంట పెట్టుకొని వెళ్ళేవారు. లైట్లు సర్దే వ్యవధిలో మిగతావారు కబుర్లాడుకుంటుంటే ఈయన పంజాబీలో టైపు కొట్టుకుంటూ కూర్చునేవారు. మన ఇండ్లలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు గాని అలీఫ్ బే గుర్తుపట్టలేరు, తెలుగు బడిలో చదువుతారు గాని తెలుగులో ఒక ఉత్తరం వ్రాయలేరు. రెండు ఇండ్లుండి రెండింటికీ తాళం వేసుకున్నట్టు. ఇది ఇతరుల మీద ఫిర్యాదు కాదు, మా ఇంటి సంగతే.

శాంతినికేతనం నుండి 1938లో ఆయన వార్ధా దగ్గరి సేవాగ్రామ్ వెళ్ళారు. గాంధీజీ అప్పుడే నయీ తాలీమ్ అనే విద్యా పద్ధతిని ప్రారంభించి ఉన్నారు. చేతి పనితో పాటు చదువు నేర్పాలన్నది దాని ముఖ్య సూత్రం. ఆ పేరుతోనే వచ్చే పత్రికలో సాహ్నీ గారు పని చేశారు. అక్కడి నుండి బి.బి.సి. వారి హిందుస్తానీ విభాగంలో అనౌన్సరుగా లండను వెళ్ళారు. ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో బాంబుల మధ్యనే మైకు ముందు కూర్చున్నారు. గొంతును ఎలా వాడాలో, మాటను ఎక్కడ ఆపాలో ఆయన అక్కడే నేర్చుకున్నారని అంటే తప్పు కాదు. ఆయన సినిమాలు చూసినవారికి తెలుసు, అరిచిన సన్నివేశాలు ఎంత తక్కువో.

బొంబాయి, కష్టాలు

యుద్ధం ముగియక ముందే దంపతులు స్వదేశం తిరిగి వచ్చారు. బొంబాయిలో ఇప్టా అనే ప్రజానాట్య సంస్థ 1943లో ఏర్పడింది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ వంటి వారు అందులో ఉన్నారు. అబ్బాస్ గారు వ్రాసిన జుబేదా నాటకాన్ని సాహ్నీ గారే డైరెక్టు చేశారు. 1943 నాటి బెంగాల్ కరువు మీద అబ్బాస్ గారు తీసిన ధర్తీ కే లాల్ సినిమా 1946లో వచ్చింది. అందులో బల్రాజ్, దమయంతి ఇద్దరూ నటించారు. లక్షల మందిని పొట్టన పెట్టుకున్న కరువు అది. ఆకలి వేషం కట్టాలి గనుక ఒళ్ళు తగ్గించుకొని నటించారు.

ఆ మరుసటి సంవత్సరం దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. సాహ్నీ గారి ఇంట్లో మాత్రం చీకటి పడింది. 1947లో దమయంతి గారు చిన్న వయసులోనే కన్నుమూశారు. చేతిలో చిన్న పిల్లలు. పుట్టిన ఊరు రావల్పిండి సరిహద్దుకు ఆవల పడిపోయింది. కొన్నేండ్లకు సంతోష్ గారిని వివాహమాడి సంసారం మళ్ళీ నిలబెట్టుకున్నారు.

ఆయన కమ్యూనిస్టు భావాలు గలవారు. ఒక ఊరేగింపులో పాల్గొన్నందుకు అరెస్టు చేసి జైలులో పెట్టారు. అప్పటికే హల్‌చల్ అనే సినిమాలో దిలీప్ కుమార్ గారితో నటిస్తున్నారు. నిర్మాత కె. ఆసిఫ్ గారు అనుమతి తెచ్చి జైలు నుండే ఆయనను షూటింగుకు రప్పించారు. విచిత్రమేమంటే ఆ సినిమాలో ఈయన వేషం జైలరు వేషం! పొద్దున్న జైలరుగా హుకుములు ఇచ్చి, సాయంత్రం ఖైదీగా వెళ్ళి గదిలో కూర్చోవలసిన స్థితి. ఈ సినిమా 1951లో విడుదలయింది.

ఇంత చదువుకున్న మనిషికి కెమెరా ముందు కాళ్ళు వణికేవంటే నమ్ముతారా? ఆయనే తన సినిమా ఆత్మకథలో దాచకుండా వ్రాసుకున్నారు. మాటలు తడబడేవి, ముఖం బిగుసుకుపోయేది. పుస్తకాల చదువు వేరు, పనిలో నైపుణ్యం వేరు అని గ్రహించి, సిగ్గు పడకుండా చిన్నా పెద్దా అందరి దగ్గరా నేర్చుకున్నారు. 1951లో జియా సర్‌హదీ గారి హమ్ లోగ్ సినిమాతో ఆ భయం వదలడం ఆరంభించింది.

అదే సంవత్సరం గురుదత్ గారి మొదటి చిత్రం బాజీ వచ్చింది. దాని రచనలో సాహ్నీ గారి చెయ్యి ఉంది. ఆ రోజుల్లో బొంబాయి సిటీ బస్సులో బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ అనే కండక్టరు ప్రయాణికులను నవ్విస్తూ టిక్కెట్లు కోసేవాడు. ఇండోర్ నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన పెద్ద కుటుంబం వాళ్ళది. సాహ్నీ గారు అతని హాస్యం చూసి గురుదత్ దగ్గరకు పంపించారు. తాగుబోతులా నటించి చూపించగానే వేషం ఖాయమయింది. అతడే జానీ వాకర్. నిజ జీవితంలో మద్యం ముట్టని ఆ మనిషి తాగుబోతు వేషాలతో దేశాన్నంతా నవ్వించాడు. తనకే వేషాలు సరిగా లేని రోజుల్లో మరొకరికి దారి చూపించడం అందరికీ చేతనయ్యే పని కాదు.

రెండు బిఘాల భూమి

ఇక 1953. బిమల్ రాయ్ గారు దో బిఘా జమీన్ తీయ తలపెట్టారు. బెంగాలు లెక్కలో రెండు బిఘాలంటే మన వైపు లెక్కకు సుమారు 66 సెంట్లు. ఆ కాస్త భూమి శంభూ మహతో అనే రైతుకు తల్లితో సమానం. జమీందారు అక్కడ మిల్లు కట్టాలనుకుంటాడు. భూమి అమ్మనన్నందుకు బాకీ తీర్చమని పట్టుబడతాడు. బాకీ 65 రూపాయలే అని శంభూ లెక్క. దొంగ కాగితాలలో అది 235 రూపాయలయింది. చదువు రానివాడి వేలిముద్ర ఎంత పని చేస్తుందో మన పల్లెల్లో పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కోర్టు మూడు నెలలు గడువిస్తుంది. శంభూ కొడుకుతో సహా కలకత్తా చేరి రిక్షా లాగుతాడు, కొడుకు బూట్లు పాలిష్ చేస్తాడు.

వేషం కోసం పిలిపించినప్పుడు సాహ్నీ గారు లండను ఫ్యాషను సూటు వేసుకొని వెళ్ళారు. బిమల్ రాయ్ గారు చూసి, పొరపాటు జరిగింది, ఈ దొరబాబు నా రైతు ఎలా అవుతాడని నిరాశపడ్డారు. ధర్తీ కే లాల్‌లో వేసిన రైతు వేషం సంగతి చెబితే గాని నమ్మకం కుదరలేదు. వేషం దొరికిన తరువాత ఈయన ఊరికే కూర్చోలేదు. బొంబాయి శివారులో జోగేశ్వరిలో ఉత్తరాది నుండి వచ్చిన పాలవాళ్ళ మధ్యకు వెళ్ళి, వాళ్ళు ఎలా నడుస్తారో, ఎలా కూర్చుంటారో, తలగుడ్డ ఎలా చుడతారో చూసి నేర్చుకున్నారు. కలకత్తాలో నిజంగానే రిక్షా లాగడం అభ్యాసం చేశారు. రోడ్డు మీద జనం ఆయనను నిజం రిక్షావాలా అనుకొని అలాగే చీదరించుకున్నారు.

అప్పటికీ ఆయనకు తృప్తి లేదు. ఈ వేషం నా వల్ల కాదేమో అని దిగులుగా ఉన్న సమయంలో ఒక ముసలి రిక్షావాలా పలకరించాడు. బీహారు నుండి వచ్చినవాడు. సాహ్నీ గారు సినిమా కథ చెబుతుంటే ఆ ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అతని రెండు బిఘాల భూమీ జమీందారు దగ్గర తాకట్టులో ఉందట. విడిపించుకోవడానికి 15 ఏండ్లుగా రిక్షా లాగుతున్నాడట. ఇది నా కథే బాబూ అంటూ వెళ్ళిపోయాడట. అప్పటితో సాహ్నీ గారు నటనా సిద్ధాంతాల పుస్తకాలన్నీ పక్కన పెట్టేసి, ఈ మనిషి కథను లోకానికి చెప్పడమే నా పని అని నిర్ణయించుకున్నారు. మిగతాది అందరికీ తెలిసినదే. ఎక్కువ డబ్బు ఆశ చూపి ఇంకా వేగంగా లాగమంటే శంభూ పరుగెత్తే ఆ దృశ్యం, చివరకు తన భూమి మీద మిల్లు లేస్తుంటే ఒక పిడికెడు మట్టి తీసుకోబోయి కాపలావాడు అదలిస్తే అదీ విడిచిపెట్టిన దృశ్యం చూసి మనసు కరగని వాడుండడు. 1954లో కాన్ ఫిలిం ఉత్సవంలో ఆ సినిమాకు అంతర్జాతీయ బహుమతి లభించింది. మొట్టమొదటి ఫిలింఫేర్ ఉత్తమ చిత్రం అవార్డు కూడా దానిదే.

మామూలు మనుషుల వరుస

అప్పటి నుండి వేషాలకు కొదువ లేకపోయింది. 1955లో సీమా చిత్రంలో అనాథ ఆశ్రమం నడిపే పెద్దమనిషిగా నటించారు. అదే ఏడాది గరమ్ కోట్‌లో పేద గుమాస్తా. రాజిందర్ సింగ్ బేదీ గారి ఉర్దూ కథ అది. చిరిగిన కోటు లోపలి గుడ్డలోకి జారిపోయిన 100 రూపాయల నోటు కోసం ఒక సంసారం ఎంత అల్లాడిపోతుందో చూపించారు. నెలాఖరు రోజులు తెలిసిన గుమాస్తాలకూ, టీచర్లకూ ఆ బాధ విడమరచి చెప్పవలసిన పని లేదు.

మన తెలుగువారితోనూ ఆయనకు సంబంధం కలిసింది. ఏలూరు ప్రాంతం నుండి వెళ్ళి పెద్దవాడైన ఎల్.వి. ప్రసాద్ గారు 1959లో తీసిన ఛోటీ బహెన్‌లో చెల్లెలి కోసం సర్వం ధారపోసే అన్నయ్య ఈయనే. 1960లో హృషీకేశ్ ముఖర్జీ గారి అనురాధ వచ్చింది. పల్లెలో రోగుల సేవలో మునిగి భార్యను మరచిపోయే డాక్టరు వేషం. ఆ భార్యగా వేసిన లీలా నాయుడు మన మదనపల్లె వారైన శాస్త్రవేత్త రామయ్య నాయుడు గారి కుమార్తె. ఈ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణ పతకం వచ్చింది.

1961లో కాబూలీవాలా. ఠాగూరు కథ. మందలించిన గురువు గారి కథలోనే శిష్యుడు నటించడం ఎంత బాగుంది! ఒక పఠాను ఎండు ఫలాలు అమ్ముకోవడానికి కలకత్తా వస్తాడు. తన కూతురు చేతి ముద్ర ఉన్న కాగితం గుండెకు హత్తుకొని తిరుగుతుంటాడు. మినీ అనే పాపలో తన బిడ్డను చూసుకుంటాడు. జైలుకు వెళ్ళి వచ్చేసరికి మినీ పెళ్ళికూతురు. అంటే తన బిడ్డా అంతే పెద్దదయి ఉంటుందని అప్పుడు తెలుస్తుంది. రావల్పిండిలో పుట్టిన సాహ్నీ గారు పఠానులను చిన్నప్పటి నుండీ చూసినవారు. అందుకే ఆ నడక, ఆ యాస, ఆ అమాయకపు కోపం అచ్చంగా కుదిరాయి. మేము మా బడిలో పిల్లలకు ఈ సినిమా ఒకసారి వేసి చూపించాము. అల్లరి పిల్లలు కూడా చివరకు చప్పుడు చేయలేదు. గల్ఫులో తండ్రులున్న పిల్లలు ఆ తరగతిలో నలుగురైదుగురు ఉన్నారు.

1964లో హకీకత్, 1965లో వక్త్, 1968లో నీల్ కమల్, 1969లో దో రాస్తే. వక్త్‌లో పిల్లల తండ్రి అయిన తరువాత కూడా భార్యను చూసి పాట పాడే లాలా కేదార్‌నాథ్‌ను ఎవరు మరచిపోతారు? నీల్ కమల్‌లో కూతురిని అత్తవారింటికి సాగనంపే తండ్రి మీద రఫీ సాహెబు పాడిన పాట పెళ్ళిళ్ళలో వినబడితే ఇప్పటికీ ఆడపిల్లల తండ్రులు కండువాతో కళ్ళు ఒత్తుకుంటారు. అన్నీ మంచి సినిమాలే వేశారని మేము అనము. సంసారం నడవాలి గనుక నాసిరకం కథల్లోనూ వేశారు. ఆయనకే అది తెలుసు. అయితే కథ నాసిరకమైనా తన పని నాసిరకం కానీయలేదు.

1969లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1972లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వారు స్నాతకోత్సవ ఉపన్యాసానికి పిలిచారు. దొరలు వెళ్ళిపోయినా మన బుర్రల్లో దాసత్వం పోలేదని, సొంతంగా ఆలోచించడం నేర్చుకోవాలని అక్కడ విద్యార్థులకు హితవు చెప్పారు.

సరిహద్దు ఆవల, ఈవల

1962లో ఆయన పాకిస్తాను వెళ్ళి రావల్పిండి, లాహోరు, తమ పూర్వీకుల ఊరు భేరా చూసి వచ్చారు. పుట్టిన ఇంటి గుమ్మం ముందు అతిథిలా నిలబడడం ఎలా ఉంటుందో ఆ యాత్రా గ్రంథంలో పంజాబీలో వ్రాశారు. ద్వేషం కక్కడానికి కావలసినన్ని కారణాలున్న మనిషి. ఊరు పోయింది, ఇల్లు పోయింది. అయినా ఆ పుస్తకంలో ప్రేమే కనబడుతుంది గాని పగ కనబడదు.

ఉత్త మాటలు చెప్పి ఊరుకోలేదు కూడా. 1970లో భివండీలో మతకలహాలు జరిగినప్పుడు ఆ కాలిన వీధులలోకి వెళ్ళారు. తమ్ముడు భీష్మ కూడా వెంట ఉన్నారు. ఆ శిథిలాలు చూసినప్పుడే తనకు 1947 నాటి రావల్పిండి గుర్తుకు వచ్చి తమస్ వ్రాయడానికి కూర్చున్నానని భీష్మ గారు తరువాత చెప్పుకున్నారు.

చివరి వేషం

ఇక గరమ్ హవా. మా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పది. ఇస్మత్ చుగ్తాయీ గారి కథ. కైఫీ ఆజ్మీ గారు, షమా జైదీ గారు స్క్రీన్‌ప్లే వ్రాశారు. ఎం.ఎస్. సత్యూ గారు డైరెక్టరు. డబ్బు లేదు. ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషను ఇచ్చిన అప్పుతో, ఒకే ఒక అరువు కెమెరాతో ఆగ్రాలో తీశారు. సౌండు రికార్డు చేసే యంత్రాలకు కూడా స్తోమత లేక మూకీగా తీసి తరువాత మాటలు కలిపారు. గొడవ చేసే జనాన్ని తప్పించడానికి ఫిల్ము లేని కెమెరాతో ఒక దొంగ యూనిట్టును వేరే వీధికి పంపేవారట.

సలీం మీర్జా ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడిపే పెద్దమనిషి. దేశ విభజన జరిగింది. సినిమా మొదట్లోనే రైల్వే స్టేషను. బంధువులను ఒక్కొక్కరినే రైలెక్కించి చెయ్యి ఊపుతూ నిలబడతాడు. అన్నగారు పాకిస్తాను వెళ్ళిపోతారు. హవేలీ అన్నగారి పేరున ఉండడంతో సర్కారు స్వాధీనమయి మరొకరికి వెళుతుంది. అద్దె ఇల్లు ఇచ్చే వాడు లేడు. బ్యాంకు అప్పు ఇవ్వదు. ముసలి తల్లి హవేలీ విడిచి రానని మొండికేస్తుంది. చివరి ఘడియలో ఆమెను పల్లకీలో హవేలీకి మోసుకువస్తే ఆ గడపలోనే ప్రాణం విడుస్తుంది. పెద్ద కొడుకు వెళ్ళిపోతాడు. గూఢచారి అని నింద పడుతుంది. కోర్టు నిర్దోషి అన్నా వీధి అనదు. నమ్మిన సంబంధాలు రెండూ తప్పిపోయి కూతురు ఆమినా ప్రాణం తీసుకుంటుంది. సలీం మీర్జా భార్యగా నటించినది హైదరాబాదులో పెరిగిన షౌకత్ కైఫీ గారు. చిన్న కొడుకుగా ఫారూఖ్ షేఖ్‌కు అదే మొదటి సినిమా.

ఇంత జరుగుతున్నా సలీం మీర్జా అరవడు, ఏడవడు. నడుస్తూనే ఉంటాడు. చేతికర్ర, టోపీ, షేర్వానీ. కూతురు పోయిన దృశ్యంలో కూడా గుండెలు బాదుకోడు. ఒక్క చూపు, అంతే. ఈ సంగతి వ్రాయడానికి మాకు చెయ్యి రావడం లేదు గాని వ్రాయక తప్పదు. 1972లో సాహ్నీ గారి సొంత కూతురు షబ్నమ్ చిన్న వయసులోనే మరణించింది. ఆ పుండు మానకుండానే ఆ తండ్రి ఈ తండ్రి వేషం కట్టాడు. దానిని నటన అనాలో మరేమనాలో మాకు తెలియదు.

చివరకు సలీం మీర్జా కూడా ఓడిపోయి, మిగిలిన కుటుంబంతో టాంగా ఎక్కి స్టేషనుకు బయలుదేరుతాడు. దారిలో ఉద్యోగాలు కావాలని, తిండి కావాలని ఊరేగింపు ఎదురవుతుంది. అందులో హిందువు, ముస్లిం అని బోర్డులు లేవు. కొడుకు టాంగా దిగి కలుస్తాడు. ఒక్క క్షణం ఆలోచించి, భార్యను టాంగాలో ఇంటికి తిప్పి పంపి, తండ్రి కూడా ఆ జనంలో కలిసిపోతాడు.

మా నానీ చెప్పేవారు. వాళ్ళ పెద్దన్నయ్య ఆ రోజుల్లో కరాచీ వెళ్ళిపోయాడట. మా నానా కూడా పెట్టె సర్దారట. బండి కట్టిన తరువాత పొరుగింటి కోమటాయన వచ్చి, చింతచెట్టు కింద కూర్చుని ఏమీ మాట్లాడకుండా పొద్దు గూకే దాకా కూర్చున్నాడట. అంతే, పెట్టె దింపేశారు. మేము గరమ్ హవా టీవీలో మొదటిసారి చూసినప్పుడు నానీ పక్కనే ఉన్నారు. టాంగా వెనక్కి తిరిగినప్పుడు ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి వెళ్ళిపోయారు. తరువాత ఆ మాట ఎత్తలేదు. కరాచీ ఉత్తరాలు మాత్రం ఆమె ట్రంకు పెట్టెలో చివరి వరకూ ఉన్నాయి.

సాహ్నీ గారు 1973 ఏప్రిల్ 12న గరమ్ హవాలో తన మాటల డబ్బింగు పూర్తి చేశారు. మరునాడు, ఏప్రిల్ 13న, గుండెపోటుతో కన్నుమూశారు. 60 ఏండ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. తెర మీద తన ఆఖరి పనిని ఆయన చూసుకోలేకపోయారు. మతకలహాలు రేగుతాయన్న భయంతో సెన్సారు వారు సినిమాను నెలల తరబడి ఆపి ఉంచారు. విడుదలయిన తరువాత ఎక్కడా ఏ కలహమూ జరగలేదు. జాతీయ సమైక్యతకు ఉత్తమ చిత్రంగా ప్రభుత్వమే బహుమతి ఇచ్చింది. 2014లో ప్రింటు బాగు చేసి మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు. అంతకు ముందు 2013లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

మనం నేర్చుకోవలసింది

రావల్పిండి నుండి ఇటు వచ్చి పడ్డ ఒక హిందువు, ఇటు నుండి అటు వెళ్ళనన్న ఒక ముస్లిం వేషం కట్టాడు. ఇల్లు పోయిన వాడే ఇల్లు పోతున్న వాడి బాధ తెలుసుకోగలడు. ఆ బాధను పగగా మార్చుకోకుండా ఉండగలిగితేనే మనిషి అవుతాడు. సాహ్నీ గారి జీవితంలో మాకు కనబడిన అసలు సంగతి ఇదే. ఆయన నటనకు పునాది కూడా ఇదేనని మా నమ్మకం.

చదువుకునే పిల్లలు ఇంకొకటి గమనించాలి. ఎం.ఏ. పట్టా ఆయనకు రిక్షా లాగడానికి అడ్డు రాలేదు. రిక్షావాలా దగ్గర నేర్చుకోవడానికి అసలే అడ్డు రాలేదు. పని ఏదైనా సరే, దాని లోతు చూడనిదే చెయ్యకూడదు. భాష ఏదైనా సరే, సొంత ఇంటిదైతే తాళం తీసి దీపం పెట్టుకోవాలి. పొరుగువాడు ఎవరైనా సరే, అతని వేషంలో ఒక్క పూట మనల్ని మనం ఊహించుకొని చూడాలి.

వీలున్న వారు ఈ సెలవుల్లో దో బిఘా జమీన్, కాబూలీవాలా, గరమ్ హవా - ఈ మూడూ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడండి. ఇంట్లో పెద్దవారుంటే వారినీ కూర్చోబెట్టండి. సినిమా అయిపోయిన తరువాత వారిని అడగండి. వారి దగ్గర కూడా ఒక ట్రంకు పెట్టె కథ ఉండే ఉంటుంది. అది వినడం ఆలస్యమయితే తరువాత చెప్పేవారుండరు.